చూపించని గాలిగోడ

పోయిన వారం మనం మాంత్రికుణ్ణి వంతెన మధ్యలో నిలబెట్టి వచ్చాం. ఎదురుగా దొంగల దండు, వెనక తెగబోతున్న తాళ్లు. అయితే అది బల్లమీది కథ. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ల కథ అంతకన్నా చిక్కుది.

కళ్లజోళ్ల షాపు వెనక గదిలో ప్రతి ఆదివారం మధ్యాహ్నం నలుగురు చేరి ‘ఏడు కోటలు’ అనే ఆట ఆడుకుంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు అందులో తలో పాత్ర ఎత్తుకుని తామేం చేస్తారో చెబుతారు. అది ఫలించిందో లేదో పాచికలు తేలుస్తాయి. కథ నడిపేది షాపు యజమాని. అందుకే ఆయన అందరికీ మాస్టారు. లెక్కల టీచరమ్మ ఆటలో కత్తివీరురాలు. బేకరీ బాబాయి ఆటలో గజదొంగ, బయట చీమకు కూడా హాని తలపెట్టని మనిషి. నాలుగోవాడు మాస్టారి బావమరిది, లిఫ్టు మెకానిక్కు. అతనికి నత్తి.

ఏడు కోటల్లో మంత్రం వేయాలంటే ఆడేవాడే అప్పటికప్పుడు ఒక మంత్రం కట్టి, గుక్క తిప్పుకోకుండా పైకి చదవాలి. నాలుక తడబడితే మంత్రం బెడిసికొడుతుంది. అందుకని బావమరిది ఏళ్ల తరబడి విలుకాడిగానే ఉండిపోయాడు. ‘వేస్తా’ అన్న ఒక్క మాటతో గడిచిపోయే పాత్ర అది. ఇలా ఉండగా ఆటల షాపు ఆవిడ ‘మౌనవిద్య’ అనే అనుబంధ పుస్తకం ఒకటి మాస్టారి చేతిలో పెట్టి, “ఇది మన ఆటకు నప్పుతుందో లేదో నలుగురూ ఆడి చెప్పండి. నప్పుతుందంటేనే తెప్పిస్తాను” అంది. అందులో మాంత్రికుడు నోరు విప్పకూడదు. ఒక కార్డు తీసి, చూసుకుని, అందులో ఉన్న మాయను చేతులతో చూపించాలి. తోటివాళ్లు అదేమిటో చెప్పాలి. వాళ్లేది చెబితే అదే జరుగుతుంది. తప్పు చెబితే తప్పు మాయే దిగుతుంది.

మాస్టారికి ఈ పుస్తకం బావమరిది కోసమే పుట్టినట్టు అనిపించింది. అక్కడితో ఆగితే బాగుండేది. ఆయన కార్డులు ముందే ఒక వరసలో పేర్చి, ఆ వరస టీచరమ్మకూ బాబాయికీ చెప్పేవాడు. ఇంకేముంది, బావమరిది చెయ్యి ఎత్తడమే తరువాయి, వీళ్లు మాయ పేరు ఠక్కున చెప్పేసేవాళ్లు. కొత్త మాంత్రికుడు ఓటమి అనేది ఎరగడు. ఈ సంగతి గదిలో అందరికీ తెలుసు, ఒక్క మాంత్రికుడికి తప్ప.

ఇప్పుడు వంతెన మీదికి వద్దాం.

బావమరిది కార్డు తీసి చూశాడు. బోర్లా పెట్టాడు. లేచి నిలబడి, ఎడమచేత్తో కనబడని దేన్నో పట్టుకుని, కుడిచేతిని దాని పక్కనే పైనుంచి కిందికి మెల్లగా జార్చాడు. మళ్లీ పైకి, మళ్లీ కిందికి. చివర్న వేళ్లు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

“గాలిగోడ!” అంది టీచరమ్మ.

“గాలిగోడే! ఇంక దొంగవెధవల్లో ఒక్కడు కూడా దాటలేడు!” అన్నాడు బాబాయి, తనూ దొంగేనన్న సంగతి మరిచిపోయి.

మాస్టారు వర్ణన మొదలుపెట్టాడు. “హోరున గాలి లేచింది. వంతెన చివర ఒక తెర—”

“ఉండండి,” అన్నాడు బావమరిది.

అతను ఆట మధ్యలో ఎవరి మాటకూ అడ్డు తగిలిన మనిషి కాడు. మాస్టారి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

“టీచరుగారూ, నేనేం చూపించాను?”

“గాలిగోడ కదా?”

“ఎలా తెలిసింది?”

“అదే... చేతులు అలా పైకీ కిందికీ ఆడించావు కదా. గోడ కట్టినట్టు... గాలితో...” రోజూ నలభై మంది పిల్లల్ని నోరెత్తనివ్వని మనిషి, ఆ రెండు ముక్కలు చెప్పడానికి నీళ్లు నమిలింది.

బావమరిది కార్డు తిప్పి బల్ల మధ్యకు తోశాడు. గాలిగోడే.

“చూశావా! కరెక్టుగా చెప్పాం!” అని చప్పట్లు కొట్టాడు బాబాయి. ఆయనకింకా వెలగలేదు.

“కార్డులో ఉంది అదే. నేను చూపించింది అది కాదు.” బావమరిది ఒక్కొక్క మాటే పేర్చుకుంటూ చెప్పాడు. “పొద్దున్న పనిలో చేసింది చూపించాను. లిఫ్టు తాడుకి గ్... గ్...”

మాట గొంతులో ఇరుక్కుంది. మెడమీద నరం తేలింది. గోడకున్న కంటి పరీక్ష అక్షరాల పట్టిక వైపు చూపు తిప్పుకుని అతను ఆ మాటతో పెనుగులాడుతున్నాడు.

“గ్రీజు,” అని అందించాడు మాస్టారు.

అలవాటు. నోట్లోంచి జారాక నాలుక కరుచుకున్నాడు గానీ, జారింది జారిపోయింది.

బావమరిది ఆయన వైపు చూశాడు. కోపంగా చూసినా మాస్టారు తట్టుకునేవాడు. అతను లిఫ్టులో ఎక్కడ తేడా ఉందో వెతికేటప్పుడు చూసినట్టు ఓపిగ్గా, నిదానంగా చూశాడు.

“మొదటినుంచీ ఇంతేనా?”

మాస్టారు కుక్కిన పేనులా కూర్చున్నాడు. బాబాయికి అప్పుడు వెలిగింది. “అబ్బాయ్, నీ మంచికేరా. నువ్వూ సరదాగా నాలుగు మాయలు—”

“బాబాయిగారూ, నేను మిమ్మల్ని అడిగానా?”

“లేదనుకో...”

“నాకు మొదటి రోజే ఇష్టం లేదు,” అంది టీచరమ్మ తలొంచుకుని. “మాస్టారితో చెప్పాను కూడా.”

“ఇష్టం లేకుండానే ఇన్నాళ్లూ ఆడారా?”

పాచికలు గుప్పిట్లో పట్టుకుని, వేయకుండా అలాగే ఉండిపోయింది.

బావమరిది సంచీ భుజాన వేసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. “ఆటలో ఉప్పెనని ఆపానే, ఆ రోజు... ఇంటికెళ్లగానే అక్కకి ఫోను చేశాను. నేనే చేశాను.”

అంతే అని వెళ్లిపోయాడు. షాపు తలుపుకున్న గంట ఒకసారి మోగి ఊరుకుంది.

ఆ మాటకు అర్థం మాస్టారికి బాగా తెలుసు. బావమరిది ఫోను చెయ్యడు. ఎవరన్నా చేస్తే ఎత్తడు. పని ఉంటే మెసేజీ పెడతాడు. అలాంటివాడు ఆ సాయంత్రం తనంతట తాను ఫోను చేసి, కట్ట తెగడం దగ్గర్నుంచి ఊరు ఊరంతా ఒడ్డున పడడం దాకా మొత్తం కథ అక్కకు వినిపించాడు. ఆవిడ వంటింట్లో పొయ్యి కట్టేసి మరీ విన్నది. ఆ పూట మాస్టారు పక్క గదిలో కూర్చుని, తనెంత గొప్ప పని చేశాడో తలుచుకుని మురిసిపోయాడు. ఇప్పుడా మురిపెం గుర్తొస్తే ఒంటిమీద తేళ్లు పాకినట్టుంది.

“మరి పుస్తకం సంగతి ఏం చేద్దాం?” అన్నాడు బాబాయి, ఏదో ఒకటి అనాలి కాబట్టి. “నప్పుతుందని ఆటల షాపావిడకి చెప్పేయడమేనా?”

“ఏం నప్పింది? మనం ఆడితే కదా!” టీచరమ్మ గొంతులో కోపం ఉంది గానీ, అది ఎవరి మీదో ఆవిడకే తెలియదు. “పరీక్ష పెట్టకుండానే నూటికి నూరు వేసి కూర్చున్నాం. ఒక్కసారన్నా నేనతని చేతుల వైపు సరిగ్గా చూశానా? వరస గుర్తుంటే చాలు, చూడక్కర్లేదు. ఆ పుస్తకం చేసినవాళ్లు పాపం చూడమనే కదా చెప్పింది!”

వాళ్లిద్దరూ వెళ్లాక మాస్టారు బల్ల సర్దాడు. కార్డులు కట్ట కడుతుంటే పైన ఉన్నది రాళ్లవాన, దాని కింద మంచుదారి. చూడకుండానే తెలుసు. కట్టను సొరుగులో పడేసి, గట్టిగా మూశాడు.

సాయంత్రం మందుల షాపు నుంచి భార్య వచ్చింది. అక్కడ ఫార్మసిస్టు ఆవిడ. చెప్పులు విడుస్తూనే అడిగింది. “తమ్ముడేడీ? ఆదివారం భోంచేసి గానీ వెళ్లడు కదా.”

“ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందట. అర్జెంటుగా వెళ్లాడు.”

అబద్ధం అడగకుండానే వచ్చేసింది. ఆవిడ సరేనని చెయ్యి కడుక్కుని, ముగ్గురికి పెట్టిన పళ్లాల్లోంచి ఒకటి తీసి లోపల పెట్టేసింది. ఆ పళ్లెం లోపలికి వెళ్లడం చూశాక మాస్టారికి ముద్ద దిగలేదు. తేలు కుట్టిన దొంగలా కాసేపు అటూ ఇటూ కదిలి, ఆఖరికి చెప్పేశాడు. కార్డులు పేర్చడం, వరస చెప్పడం, గాలిగోడ, గ్రీజు, అన్నీ.

ఆవిడ అరుస్తుందనుకున్నాడు. అరిస్తే బాగుండేది.

“చిన్నప్పుడు వాడికి ఆకలేస్తే నేనే చెప్పేదాన్ని,” అంది ఆవిడ. “బళ్లో హాజరు పిలిస్తే పక్క క్లాసులోంచి పరిగెత్తుకొచ్చి నేనే పలికేదాన్ని. అమ్మ, నాన్న, పెద్దమ్మ, అందరం వాడి నోట్లోంచి మాట లాక్కుని మేమే పూర్తిచేసేవాళ్లం. ప్రేమే. వాడెప్పుడూ ఏమీ అనలేదు. అనడానికి మేం చోటిస్తేగా! పెళ్లయ్యాక మీరు వాణ్ణి ఆటకు పిలిస్తే, పోనీలే, వాడికంటూ ఒక బల్ల దొరికింది, అక్కడ నేను లేను, అనుకున్నాను.”

“నేను మంచే అనుకుని—”

“మేమూ అంతేనండీ.”

ఆవిడ లేచి వెళ్లిపోయింది. మాస్టారు ఇంకొకటి చెప్పాలనుకుని చెప్పలేకపోయాడు. గొంతు దాకా వచ్చింది, మింగేశాడు. ఆ మింగినది ఇది: కిందటి గురువారమే ఆయన ఆటల షాపుకు వెళ్లి, పుస్తకం బ్రహ్మాండంగా నప్పిందని చెప్పి వచ్చాడు. చెప్పినవాడు అంతటితో ఊరుకోలేదు. తన బావమరిది ఎవరో, అతని నత్తి ఏమిటో, తన బల్ల దగ్గర అతనెలా వికసించాడో, గోరంతను కొండంత చేసి, కళ్లు చెమర్చుకుంటూ మరీ చెప్పాడు. ఆవిడ కూడా కళ్లు తుడుచుకుంది. ఆపైన ఆవిడ అడిగినదానికల్లా తలూపి వచ్చాడు.

మర్నాడు మధ్యాహ్నం మాస్టారు షాపుకు తాళం వేసి, బావమరిది పనిచేస్తున్న ఆఫీసు భవనానికి వెళ్లాడు. లిఫ్టు ముందు ‘పని జరుగుచున్నది’ అన్న పలక. పైకి మెట్ల దారే. కళ్లజోళ్లకు అద్దాలు కోసుకుంటూ రోజంతా స్టూలుమీద కూర్చునే మోకాళ్లు సగం దూరంలోనే మొరాయించాయి. రెయిలింగు పట్టుకుని, ఆగి, ఆయాసపడి, దారి పొడుగునా ఏం చెప్పాలో మనసులో కూర్చుకుంటూ ఎక్కాడు. డాబా మీద లిఫ్టు మోటారు గది తలుపు తీసే ఉంది. లోపల వేడి నూనె వాసన. పెద్ద చక్రం మీదినుంచి తాళ్లు నేలలోని కంతల్లోకి దిగుతున్నాయి. బావమరిది మోచేతుల దాకా నల్లగా, గుడ్డతో తాడు తుడుస్తున్నాడు.

“కూర్చోండి,” అన్నాడు, తిరగబడేసిన ఒక డబ్బా చూపించి. “మెట్లెక్కి వచ్చారా?”

మాస్టారు కూర్చున్నాడు. కూర్చుకొచ్చిన మాటల్లో ఒక్కటీ మిగల్లేదు. “నన్ను క్షమించు,” అన్నాడు.

బావమరిది తుడవడం ఆపలేదు. “ఒకటి అడుగుతాను. వాళ్లు తప్పు చెప్పుంటే ఏమయ్యేది?”

“ఓడిపోయేవాడివి.”

“ఓడితే?”

“బాధపడతావని...”

“విలుకాడిగా ఎన్నిసార్లు చచ్చాను! ఒకసారి బాబాయిగారే నన్ను లోయలోకి తోశారు. నవ్వుకుంటూ ఇంటికెళ్లాను.” అతను గుడ్డ మడత మార్చాడు. “నేను బాధపడతాననా? లేక మీరు చూడలేరనా?”

తప్పించుకోవడానికి దారులు చాలా కనిపించాయి మాస్టారికి. ఒక్క దానిలోకీ వెళ్లబుద్ధి కాలేదు. ఎప్పుడో ఒక బట్టల కొట్లో బావమరిది చొక్కా సైజు చెప్పలేక నిలబడిపోతే, వెనకవాళ్లు తొంగి చూస్తుంటే, తను మాత్రం అద్దంలో క్రాపు సర్దుకుంటున్నట్టు నటించి రెండడుగులు పక్కకు జరిగాడు. ఆ జరగడం ఎవరూ చూడలేదనుకున్నాడు.

“చూడలేను,” అన్నాడు. “నీకు మాట ఆగితే నాకు సిగ్గేస్తుంది. నాకేదో అయినట్టు. ఎదుటివాళ్లు చూస్తున్నారని. ఇంతకన్నా నీచమైనది నా దగ్గర ఇంకేం లేదు, నమ్ము.”

గుడ్డ తాడు మీద పైనుంచి కిందికి జారింది.

“బట్టల కొట్లో చూశాను,” అన్నాడు బావమరిది.

మాస్టారికి భూమి చీలి అందులోకి వెళ్లిపోతే బాగుండుననిపించింది.

“మిమ్మల్ని ఏవండీ అని పిలుస్తాను కదా,” అన్నాడు బావమరిది మళ్లీ. “అక్క పిలిచినట్టే పిలుస్తున్నానని బాబాయిగారు ఏడిపిస్తారు. మీరేమో గౌరవం అనుకుంటారు. బ్... బ్... బావ అన్న ఆ ఒక్క పిలుపే నాకు బండరాయి. అందుకని.” అని కొద్దిగా నవ్వాడు. “గౌరవం కూడా ఉందనుకోండి. నిన్నటి దాకా.”

మాస్టారు నవ్వాలో ఏడవాలో తెలియక చేతులు చూసుకున్నాడు.

“ఆ పుస్తకం మీరు పూర్తిగా చదివారా?” అడిగాడు బావమరిది. “నేను చదివాను. తోటివాళ్లు పొరబడినప్పుడే కథ కొత్త దారి పడుతుంది, అదే ఇందులో రుచి అని రాశారు. నేను నిప్పు చూపిస్తే టీచరుగారు పువ్వు అనాలి. దొంగల మీద పూలు రాలాలి. అప్పుడు బాబాయిగారు ఏం చేస్తారో చూడాలి! మనం ఒక్క తప్పు కూడా పడనివ్వలేదు. ఇంక అది నప్పిందో లేదో ఎవరికి తెలుసు?” పుస్తకం గురించి మాట్లాడుతుంటే అతని మాటలు ఎక్కడా ఆగలేదని మాస్టారు గమనించాడు. గమనించినందుకు కూడా సిగ్గుపడ్డాడు.

“వచ్చే ఆదివారం కార్డులు నువ్వే కలుపు,” అన్నాడు. “మళ్లీ మొదటినుంచి ఆడదాం. వస్తావా?”

బావమరిది జవాబు చెప్పేలోగా అతని చొక్కా జేబులో ఫోను మోగింది. చేతులనిండా జిడ్డు. “చూడండి ఎవరో,” అన్నాడు.

మాస్టారు ఫోను బయటికి తీశాడు. తెరమీద ‘ఆటల షాపు’ అని ఉంది. బొటనవేలు ఎర్ర గుర్తు మీదికి దానంతట అదే వెళ్లింది. ఒక్క నొక్కు చాలు.

“ఎవరు?”

“ఆటల... షాపావిడ.”

“నాకా? స్పీకర్లో పెట్టండి.”

మాస్టారు పెట్టాడు.

“బాబూ, బావున్నావా!” మోటారు గదంతా ఆవిడ గొంతు నిండింది. “మీ బావగారు నీ గురించి ఎంత చెప్పారో! వింటుంటే కళ్లనీళ్లాగలేదనుకో. శనివారం మన హాల్లో పెద్ద ఆటలమేళా ఉంది కదా. మౌనవిద్య నువ్వే స్టేజీ మీద ఆడి చూపించాలి. మీ బావగారు ఒప్పేసుకున్నారులే. బయట బోర్డు కూడా రాయించేశాను, ‘మాట రాని మాంత్రికుడు’ అని. ఎలా ఉంది?”

బావమరిది ఫోను వైపు చూడలేదు. మాస్టారి వైపు చూశాడు. మాస్టారు నేల వైపు చూశాడు. తాళ్లు దిగే కంతల్లోంచి కింద చీకటి కనిపిస్తోంది.

“హలో? వినిపిస్తోందా? హలో?”

“వి...” మాట ఆగింది. “వి...”

“హలో? లైను కట్టయిందా ఏమిటి!”

వింటున్నాడండీ అనబోయాడు మాస్టారు. బావమరిది నల్లటి అరచెయ్యి ఎత్తాడు. మాస్టారు నోరు మూసుకున్నాడు. ఆ ఆగడం ఎంతసేపో మాస్టారికి తెలియదు గానీ, అంతసేపూ ఆయన తల ఎత్తి అతని ముఖం వైపే చూశాడు. చూడడం ఎంత కష్టమో ఆయనకే తెలుసు. అయినా చూశాడు.

“వింటున్నాను,” అన్నాడు బావమరిది. “వస్తాను. మాంత్రికుడిగా కాదు. ఆట నడిపేది నేను.”

ఫోను అవతల ఈసారి ఆవిడకు మాట పెగల్లేదు. “అంటే బాబూ... ఆట నడపాలంటే గంటలకొద్దీ మాట్లాడాలి కదమ్మా. హాలునిండా జనం ఉంటారు...”

“తెలుసండీ. బోర్డు మాత్రం మార్చకండి. మాట రాని మాంత్రికుడు ఉంటారు. మా అక్కయ్యగారి ఆయన. కార్డులు నేనే కలుపుతాను. ఆయన చూపించింది హాల్లో ఎవరికి ఏమర్థమైతే అదే జరుగుతుంది.”

ఆవిడ ఇంకేదో అంటుండగానే కళ్లతో సైగ చేశాడు. మాస్టారు ఫోను కట్టేశాడు.

“మేళా సంగతి అక్కకి తెలుసా?”

మాస్టారు తల అడ్డంగా ఊపాడు.

“నిన్న మీరు అన్నీ చెప్పేశారట. పొద్దున్న అక్క మెసేజీ పెట్టింది. ఇది చెప్పలేదన్నమాట.” బావమరిది గుడ్డ కింద పడేశాడు. “అక్క నంబరు నొక్కండి.”

“ఇప్పుడా? ఇంటికెళ్లి నేను నెమ్మదిగా—”

“నొక్కండి.”

మాస్టారు నొక్కాడు. రింగు వెళ్లింది. మందుల షాపులో ఎవరికో చిల్లర ఇస్తూ ఎత్తినట్టుంది, ముందు నాణేల చప్పుడు, తర్వాత ఆవిడ గొంతు వినిపించాయి. “హలో, తమ్ముడూ? ఏమిట్రా, నువ్వే ఫోను చేశావు?”

బావమరిది నోరు విప్పలేదు. చేతులు కట్టుకుని, గోడకు ఆనుకుని, మాస్టారి వైపు చూస్తూ నిలబడ్డాడు.

“హలో? తమ్ముడూ, నువ్వేనా? ఎవరు మాట్లాడుతున్నారు?”